గట్టు మీది పెట్టె

సెప్టెంబరు 9, 2024. సోమవారం. ఏలూరు

కైకలూరు వెళ్దామంటే దారి లేదు. చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్లెక్కాయట. మొదటి తారీఖున విజయవాడని ముంచిన బుడమేరు ఇప్పుడు ఇటు చేరింది. ఎక్కడి నీళ్లయినా కొల్లేరులోకే రావాలి. ఉప్పుటేరు మీదుగానే సముద్రానికి పోవాలి. అది కూడా మెల్లగా.

పొద్దున్నే బాబాయి ఫోన్. చేపల చెరువు గట్టు నిలబడిందట. "నీళ్లు కాదమ్మాయ్ నా భయం. ఈ ముసురు. నాలుగు రోజులు ఎండ కాయకపోతే తెల్లారుజామున ఆక్సిజన్ ఉండదు చెరువులో."

ఎవరో కంపెనీవాళ్లు పెట్టిన ఆక్సిజన్ కొలిచే పెట్టె ఉందిగా, అది చెప్పదా అన్నాను.

"దాని లైటు ఆరిపోయి ఆర్నెల్లయింది. వాళ్లు ఫోనెత్తరు."

హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చినప్పటి నుంచి చేతిలో ఏ పనీ లేదు. సామాన్ల అట్టపెట్టెలో వెతికితే రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ బోర్డు దొరికింది. పనిచేస్తోంది.

నేనే ఒకటి కట్టి ఇస్తే?

సెప్టెంబరు 11, బుధవారం

బోర్డు మీదే కంపైల్ చేద్దామని కూర్చున్నా. ఒక్క కోర్, 512 ఎంబీ మెమరీ. కాఫీ తాగొచ్చా, స్నానం చేసొచ్చా, అన్నం తినొచ్చా. ఇంకా అదే ఫైలు మీద ఉంది. చివరికి మెమరీ చాలక కంపైలర్‌నే చంపేసింది కెర్నెల్.

ఇది ఇలా కాదు. ల్యాప్‌టాప్‌లో వండాలి, బోర్డుకి పంపాలి. అంటే క్రాస్ కంపైల్.

ఉబుంటు 22.04లో ఆర్మ్ కంపైలర్ ఒక్క కమాండుతో వచ్చేసింది. ఇంత సులువా?

సెప్టెంబరు 14, శనివారం

అంత సులువు కాదు.

జీలిబ్‌సీ 2.34 దొరకలేదంటోంది బోర్డు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2.35. బోర్డు మీది పాత కార్డులో డెబియన్ 11, దాంట్లో 2.31. కొత్త లైబ్రరీకి ముడేసి కట్టిన ప్రోగ్రామ్ పాత లైబ్రరీ ఉన్న చోట లేవదు. పాతదానికి కట్టింది కొత్తచోట లేస్తుంది. ఇటు నుంచి అటే గానీ అటు నుంచి ఇటు కుదరదు.

రాత్రి స్టాటిక్‌గా కట్టి పంపా. లైబ్రరీ గొడవే లేకుండా.

ఒక్క ముక్కే అని ఆగిపోయింది: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

సెప్టెంబరు 15, ఆదివారం

రాత్రంతా అదే. ప్రోగ్రామ్‌లో మెయిన్ దాకా కూడా వెళ్లడం లేదు. ముందే పడిపోతోంది.

జీరోలో ఉన్నది బీసీఎమ్ 2835. దాని లోపలి ప్రాసెసర్ ఆర్మ్ 1176. అది ఆర్మ్ వి6 తరానిది. ఉబుంటు ఇచ్చే కంపైలర్ మాత్రం మామూలుగా వి7కే కడుతుంది. సరే, వి6కి కట్టు అని ఫ్లాగ్ ఇచ్చా. నా ఫైళ్లని వి6కే కట్టింది పాపం. కానీ ప్రతి ప్రోగ్రామ్‌కీ ముందు అతుక్కునే ఆరంభపు ముక్కలు, సీ లైబ్రరీ, అవి ఎక్కడో ఎవరో వి7కి కట్టి పెట్టేసినవి. వాటి మీద నా ఫ్లాగ్ పనిచేయదు. రీడ్‌ఎల్ఫ్‌తో విప్పి చూస్తే అక్కడే రాసి ఉంది, వి7 అని.

నా పది ఫైళ్లు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. కింద పునాది ఇంకో యంత్రానిది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "తెల్లారింది, పడుకోవే." ఏమీ అడగలేదు. అడక్కపోవడమే ఎక్కువ కష్టంగా ఉంది.

సెప్టెంబరు 21, శనివారం. చెరువు గట్టున

రోడ్డు తేరుకుంది. నిన్న సాయంత్రం వచ్చా. రాత్రి పాకలోనే పడుకున్నా. బాబాయి వద్దన్నాడు, వినలేదు. తెల్లారుజామున చెరువు ఎలా ఉంటుందో చూడాలి నాకు.

నాలుగున్నరకి కాపలా ఆయన లేపాడు. "రండమ్మా, తేలాయి." టార్చి వేశాడు. నీళ్ల మీద వందల నోళ్లు. శీలావతులు, బొచ్చెలు. పైపొరలో ఉన్న కాస్త గాలి కోసం. తెరుస్తూ, మూస్తూ. చిన్న చప్పుడు వస్తుంది. చప్పరిస్తున్నట్టు. చెరువంతా ఆ చప్పుడే.

పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచే తీసుకుంటుంది. అడుగున కుళ్లే మేత తీసుకుంటుంది. చేపలూ తీసుకుంటాయి. ఇచ్చేది లేదు. తెల్లారేలోపే అట్టడుగుకి పడుతుంది. ముప్పై డిగ్రీల మంచినీళ్లు నిండుగా పట్టుకోగలిగేదే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. మూడుకి కిందికి వస్తే చేపకి కష్టం.

ఏరేటర్లు వేశారు. గంటకి తేరుకున్నాయి. ఆయన ఆ టైముకి లేవకపోయి ఉంటే?

"లెగుస్తానమ్మా. రోజూ లెగుస్తా." ఎంతకాలం లేస్తాడు? ఆయనకి అరవై దాటాయి.

కర్రకి వేలాడుతున్న పాత పెట్టెని దించుకున్నా. మూత లోపల చీమలు పుట్ట పెట్టాయి.

సెప్టెంబరు 22, ఆదివారం

పాత పెట్టె కార్డు ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశా. లోపల లినక్స్ కెర్నెల్, బిజీబాక్స్. రెండూ జీపీఎల్ రెండో వెర్షన్ కిందవి. అంటే కొన్నవాడు సోర్సు అడగొచ్చు, ఇవ్వాలి. బాబాయి చేతికి వాళ్లిచ్చింది రసీదు ఒక్కటే. సోర్సు లేదు, దేంతో కట్టారో లేదు, ఏ వెర్షనో లేదు. చిన్న మార్పుతో బతికే పెట్టె. మార్చే దారే లేదు.

చుట్టుపక్కల గట్ల మీద ఇలాంటివి ఇంకో నాలుగు చూశా. అన్నీ చచ్చిపోయి వేలాడుతున్నాయి.

కోపం వస్తోంది. చాలా.

సెప్టెంబరు 23, సోమవారం

పునాది నుంచీ కట్టే సాధనాల్లో ముందు యాక్టో చూశా. పెద్ద కంపెనీలకి బాగుంటుంది. నాకు, ఈ ఒక్క బోర్డుకి, ఈ పాత ల్యాప్‌టాప్‌కి అంత అక్కర్లేదు. బిల్డ్‌రూట్ తీసుకున్నా. 2024.02, దీర్ఘకాలం సవరణలు వచ్చే వెర్షన్.

2001లో యూసీలిబ్‌సీ రాసేవాళ్లు తమ లైబ్రరీని పరీక్షించుకోవడానికి దీన్ని మొదలుపెట్టారట. ఇప్పటికీ మేక్‌ఫైళ్లే. చదివితే అర్థమవుతుంది. నాకది ముఖ్యం.

జీరో డబ్ల్యూకి సిద్ధంగా డెఫ్‌కాన్ఫిగ్ ఉంది. పెట్టి మేక్ కొట్టా. ఇది ఎవరి కంపైలర్‌నీ అరువు తెచ్చుకోదు. తనే కట్టుకుంటుంది. ముందు ఒక అరకొర జీసీసీ. దాంతో సీ లైబ్రరీ. ఆ లైబ్రరీ వచ్చాక దాన్ని ఆనుకుని అసలు జీసీసీ. కంపైలర్ పూర్తవ్వాలంటే లైబ్రరీ కావాలి, లైబ్రరీ కట్టాలంటే కంపైలర్ కావాలి. అందుకే రెండు విడతలు. పునాది నుంచీ వి6.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు... రాలేదు కరెంటు. సగంలో ఆపా. పవర్‌పేటలో ఉంటూ కరెంటు లేదు!

సెప్టెంబరు 25, బుధవారం

లేచింది.

సీరియల్ తీగ మీద అక్షరాలు పడ్డాయి. బిల్డ్‌రూట్ లాగిన్ అని. పరీక్షకి ఒక చిన్న ప్రోగ్రామ్ పంపా. నడిచింది. ఒక్క అంకె అచ్చేసి ఆగడమే దాని పని. ఆ అంకెనే చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

అమ్మకి చూపించా. "బాగుంది" అంది. నిజంగానే అంది.

అక్టోబరు 2, బుధవారం

ఆక్సిజన్ కొలిచే సెన్సర్ మోడ్‌బస్ మాట్లాడుతుంది. లిబ్‌మోడ్‌బస్ కావాలి. ల్యాప్‌టాప్‌లో ఉంది, బిల్డ్‌రూట్‌లోనూ ఉంది. సీమేక్ వెళ్లి ల్యాప్‌టాప్‌దే పట్టుకుంది. ఇంటెల్‌కి కట్టిన లైబ్రరీ ఆర్మ్‌కి ఎలా అతుకుతుంది? లింకర్ మొహమాటం లేకుండా చెప్పేసింది, ఇది పొసగదు, వదిలేస్తున్నా అని.

లింకర్ చెప్పింది కాబట్టి సరిపోయింది. హెడర్లయితే? అవి చెప్పవు. ల్యాప్‌టాప్‌లో లాంగ్ ఎనిమిది బైట్లు, బోర్డు మీద నాలుగు. ఇక్కడి కొలతతో రాసి పెట్టిన హెడర్ అక్కడికి చేరితే కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, నడుస్తుంది కూడా. లెక్క మాత్రం తప్పు చెబుతుంది. తెల్లారుజామున నాలుగింటికి, నాలుగు మిల్లీగ్రాములున్నాయని.

బిల్డ్‌రూట్ కట్టిన జీసీసీకి ముందు ఒక కాపలా ఉంది. యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్ లాంటి ఇంటి దారులు కనిపిస్తే అక్కడే ఆపేస్తుంది. ప్రమాదకరమైన దారి అని.  ఆ కాపలాని నేను తీయను.

బిల్డ్‌రూటే ఇచ్చే టూల్‌చెయిన్ ఫైలు సీమేక్‌కి అప్పజెప్పా. ప్రోగ్రామ్‌లు వెతికితే ల్యాప్‌టాప్‌లో. లైబ్రరీలు, హెడర్లు వెతికితే బోర్డు కోసం కట్టినవి ఉండే సిస్‌రూట్‌లో మాత్రమే. ప్యాకేజీ కాన్ఫిగ్ కూడా అది కట్టినదే వాడాలి. ఈ గీత ఒక్కటి సరిగ్గా గీస్తే మిగతా పని దానంతట అదే జరుగుతుంది. గీత ఎక్కడ గీయాలో తెలియడానికే ఇన్నాళ్లు.

అక్టోబరు 9, బుధవారం

యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్ 485కి మార్చే తీగ పెట్టా. కనిపించలేదు. కెర్నెల్‌లో డ్రైవర్ ఉంది, మాడ్యూల్‌గా. చేత్తో ఎక్కిస్తే వస్తోంది. కరెంటు పోయి వస్తే మళ్లీ లేదు.

గట్టు మీద చేత్తో ఎక్కించేదెవరు?

డివైస్‌ల పద్ధతిని ఎమ్‌డెవ్‌కి మార్చి మళ్లీ కట్టా. తీగ పెట్టగానే డ్రైవర్ వచ్చి కూర్చుంది.

కరెంటు సంగతి ఎలాగూ వచ్చింది కదా అని రూట్ ఫైల్‌సిస్టమ్‌ని స్క్వాష్‌ఎఫ్ఎస్ చేశా. చదవడమే, రాయడం లేదు. ఎన్నిసార్లు పోయి వచ్చినా చెడదు. రీడింగులకి వేరే పార్టిషన్. పోతే అవి పోతాయి, పెట్టె లేస్తుంది.

అక్టోబరు 15, మంగళవారం. గట్టున

మళ్లీ వాయుగుండం అంటున్నారు. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకునేంత మబ్బు.

ఉదయం పడవలో మేత కట్టడానికి వెళ్లారు. నేనూ ఎక్కా. నీళ్లలో వెదురు గడలు పాతి ఉంటాయి, వాటికి సంచులు. సంచి అడుగున చిల్లులు. తవుడు, చెక్క కలిపి నింపి కడితే చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. సంచి ఎత్తితే బరువులోనే తెలుస్తుంది ఎంత తిన్నాయో. ఈరోజు సంచులు బరువుగానే లేచాయి. బాబాయి మొహం చూశా.

"తినలేదు. సగమే కట్టండి."

సెన్సర్ దింపా. సాయంత్రం ఆరింటికి 5.8. తొమ్మిదింటికి 4.6. పన్నెండింటికి 3.7.

2.40కి పెట్టె సైరన్ మోగింది. మూడు దాటి కిందికి. చేపలు ఇంకా తేలలేదు. తేలకముందే!

ఏరేటర్లు తిరిగాయి. కాపలా ఆయన బీడీ ముట్టించి, నీళ్లకేసి టార్చి వేసి, ఆర్పేసి, మళ్లీ వేసి... ఒక్క నోరు కూడా లేదు.

"ఇది మోగితే నేను పడుకోవచ్చామ్మా?"

పడుకోవచ్చు అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకా చూడాలి.

అక్టోబరు 17, గురువారం

రీడింగుల ఫైలు తెరిచా. అన్నీ 1970 జనవరి 1. జీరోలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ లెక్క మొదటి నుంచి. సైరన్‌కి తేదీతో పని లేదు కాబట్టి మోగింది. కానీ రేపు ఎవరైనా కార్తీకంలో ఎలా ఉంది, మాఘంలో ఎలా ఉంది అని చూడాలంటే?

డీఎస్ 3231 గడియారం తెప్పించా. కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఒక వరుస, బూట్ ఫైలులో ఒక వరుస. మళ్లీ మేక్.

కొల్లేరు హద్దు తేల్చే కాంటూరు గొడవల గురించి బాబాయి రాత్రి చాలాసేపు మాట్లాడాడు. 2006 ఆపరేషన్ కొల్లేరులో ఎవరెవరి గట్లు కొట్టారో, ఎవరు లేచారో, ఎవరు లేవలేదో. మన చెరువు ఐదో కాంటూరు బయటే. అయినా ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గుతుంది. సరస్సుకి చోటుండాలి అంటాడు, గూడబాతులు రావాలి అంటాడు. అందరూ బతకాలి కదమ్మా అని కూడా అంటాడు. రెండూ మనసారా అంటాడు.

అక్టోబరు 26, శనివారం

బెంగళూరు నుంచి ఆఫర్ లెటర్. డిసెంబరు 2న చేరాలి.

అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను సంతోషంగానే ఉన్నాను. ఉన్నానా?

నేను వెళ్లిపోతే ఆ పెట్టె ఏమవుతుంది? ఫోనెత్తని వాళ్లలో ఇంకొకర్నవుతానా?

నవంబరు 1, శుక్రవారం

నిన్న దీపావళి. వీధిలో ఇంకా పొగ వాసన.

కూర్చుని అంతా విడదీశా. ఇన్నాళ్లూ బిల్డ్‌రూట్ లోపలే అక్కడొకటి ఇక్కడొకటి మార్చుకుంటూ పోయాను. ఇప్పుడు దాని ఫోల్డర్‌ని ముట్టుకోకుండా, నావన్నీ బయట వేరే ఫోల్డర్ల చెట్టులో. ఎక్స్‌టర్నల్ అంటారు. డెఫ్‌కాన్ఫిగ్ ఒకటి, కెర్నెల్‌కి చేసిన మార్పుల ముక్క ఒకటి, నా ప్రోగ్రామ్, దాని ప్యాకేజీకి రెండు చిన్న ఫైళ్లు, ఇలాంటివే ఇంకొన్ని. అంతే. పెట్టె మొత్తం ఈ కాస్తలో ఉంది. మిగతాదంతా లోకం ఇచ్చింది.

మేక్ సోర్స్ కొట్టి టార్‌బాల్స్ అన్నీ దించుకున్నా. రేపు ఏ సైటు మూతపడినా నెట్ లేకుండానే కట్టుకోవచ్చు. మేక్ లీగల్-ఇన్ఫో కొడితే లైసెన్సులూ సోర్సులూ ఒకచోట పేర్చి పెట్టింది. బాబాయికి రసీదుతో పాటు అందాల్సినవి ఇవీ.

ఎవరు కడతారు మరి? తాడేపల్లిగూడెం నిట్‌లో పిన్ని కొడుకు ఉన్నాడు. మూడో ఏడాది. ఫోన్ చేశా.

"అక్కా, నాకు ఆర్మ్ రాదు."

"రాకపోయినా పర్లేదురా. రెండు కమాండ్లు కొట్టు. ఏం వచ్చిందో పంపు."

నవంబరు 10, ఆదివారం

వాడు కట్టాడు. మొదటిసారికే పూర్తయింది. నా సాయం లేకుండా. ఎంత ఆనందమో!

కానీ చెక్‌సమ్ వేరు. వాడి ఇమేజీ, నా ఇమేజీ ఒకటి కావు. ఒకే సోర్సు, ఒకే కాన్ఫిగ్. తేడా ఎక్కడ?

డిఫోస్కోప్ పెట్టి పొరలు విప్పాం ఇద్దరం, ఫోన్‌లో మాట్లాడుకుంటూ. కట్టిన టైము కొన్ని ఫైళ్లలో దూరింది. కట్టిన ఫోల్డర్ దారి ఇంకొన్నిటిలో. వాడి హోమ్ ఫోల్డర్ పేరు లైబ్రరీ మధ్యలో కనబడింది. ఆ యంత్రం ఎవరిదో, ఏ ఊళ్లో, ఎప్పుడు కట్టారో, ఇవేవీ చెరువుకి అక్కర్లేదు.

రిప్రొడ్యూసిబుల్ అనే ఎంపిక ఉంది. పెట్టా. ఇద్దరం మొదటి నుంచి చివరిదాకా ఒకే దారి ఉన్న ఫోల్డర్లో కట్టాలని అనుకున్నాం.

"అక్కా, ఇది ఒకటే అయితే ఏంటి, కాకపోతే ఏంటి? నడుస్తోంది కదా."

నడుస్తోంది. కానీ రేపు వాడు ఒక్క వరుస మార్చి కట్టినప్పుడు, తేడా ఆ ఒక్క వరుసదే అని ఎవరు చెప్పాలి? అది చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మళ్లీ మొదట్నించి కొడతా" అన్నాడు.

నవంబరు 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. అమ్మతో గుడికి.

రాత్రి బాబాయి ఫోన్. కాపలా ఆయన నిన్న తెల్లవార్లూ పడుకున్నాడట. సైరన్ మోగలేదు. పొద్దున చూస్తే కనిష్ఠం 3.4. ఉలిక్కిపడి లేచి చెరువుకి పరిగెత్తాడట ముందు. తర్వాత నవ్వాడట.

నవంబరు 24, ఆదివారం

వాడు పంపిన చెక్‌సమ్, నాది. పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశా. కమాండుతోనూ పోల్చా. ఒకటే. తాడేపల్లిగూడెం హాస్టల్లో కట్టిన రూట్ ఫైల్‌సిస్టమ్, ఏలూరు పవర్‌పేటలో కట్టింది, ఒక్క బిట్టు కూడా తేడా లేదు.

మధ్యాహ్నం వాడు కట్టిన కార్డునే తీసుకుని గట్టుకి వెళ్లాం, ఇద్దరం. పెట్టెలో నా కార్డు తీసి వాడిది పెట్టా. లేచింది. 6.9 చూపించింది. బాబాయి ఏ కార్డు ఎవరిదని అడగలేదు, నేనూ చెప్పలేదు. పక్క చెరువు రైతు వచ్చి తనకీ ఒకటి కావాలన్నాడు. తమ్ముడు "నేను కడతానండి" అన్నాడు. నా మొహం కూడా చూడకుండా.

బిల్డ్‌రూట్, మా చెట్టు, టార్‌బాల్స్, లైసెన్సులు, ఎలా కట్టాలో తెలుగులో రాసిన రెండు పేజీలు: ఒక పెన్‌డ్రైవ్ బాబాయి బీరువాలో, ఒకటి వాడి దగ్గర. ఇక ఆ పెట్టెలో ఏది మార్చాలన్నా నన్ను అడగక్కర్లేదు.